ఆపు సంకేతము తనంత తానే ఆపునా?

మాంసకృత్తుల, అనగా ప్రోటీనుల, నిర్మాణమును గూర్చిన పాఠములు చాలవరకు ఒకే విధముగా ముగియును. వార్తాహర ఆర్.ఎన్.ఏ. వెంట రైబోసోము సాగుచు ఎమైనో ఆమ్లములను గొలుసుగా కూర్చుటను ఓపికగా వర్ణింతురు. తీరా చివరకు వచ్చుసరికి యు.ఎ.ఎ., యు.ఎ.జి., యు.జి.ఎ. అను మూడు సంకేతములలో ఒకటి ఎదురు కాగానే పని ఆగిపోవునని ఒక్క వాక్యము వ్రాసి ఊరకుందురు. వాక్యము చివరి చుక్కతో పోలిక కూడ చెప్పుదురు. పోలిక ముచ్చటగనే యున్నది. కాని చుక్క తానై ఏ పనియు చేయదు. చదువువాడు దానిని చూచి ఆగును. మరి కణములో ఆ చదువువా రెవరు?

1967లో హార్వర్డు విశ్వవిద్యాలయమున మేరియో కపెక్కి బాక్టీరియా నుండి 'విడుదల కారకము'ను వేరుచేసెను. (ఎలుకలలో జన్యువులను మార్చు పద్ధతికి 2007లో నోబెల్ బహుమానమును పంచుకొన్నది ఈయనయే.) ఆ కారకము ఆర్.ఎన్.ఏ. కాదు, ప్రోటీను. తక్కిన 61 సంకేతములను బదిలీ ఆర్.ఎన్.ఏ.లు చదువగా, ఈ మూడింటిని మాత్రము ప్రోటీనే చదువును! బాక్టీరియాలో ఇందుకు రెండు కారకము లుండగా, మానవునిలో ఇ.ఆర్.ఎఫ్.1 అను ఒక్కటే మూడింటిని గుర్తించును. ఈ కారకమును 1994లో గుర్తించిరి. 437 ఎమైనో ఆమ్లములు గల ఈ ప్రోటీనుకు మూలమైన జన్యువు ఇ.టి.ఎఫ్.1, మన 5వ క్రోమోసోముపై నున్నది.

పాఠములలో ఇంకొక లోపము, ఇంతకంటె పెద్దది, ఆగుటను విడుదలను ఒకటిగా చూచుట. మగ్గముపై నేత ఆగినంత మాత్రమున చీర చేతికి రాదు, కోసి దించవలెను. అట్లే తయారైన గొలుసు చివరి బదిలీ ఆర్.ఎన్.ఏ.కు రసాయన బంధముతో అంటియే యుండును. ఇ.ఆర్.ఎఫ్.1 ఒక కొసతో సంకేతమును పట్టుకొని, రెండు గ్లైసీనులు, ఒక గ్లుటమీను వరుసగా నున్న మరియొక కొసను ఆ బంధము వద్దకు చేర్చును. అచట నీటి అణువు బంధమును తెంచును. ఇ.ఆర్.ఎఫ్.3 అను తోడు ప్రోటీను ఇందుకు సహకరించును.

ఉన్నత గ్రంథములలో మరొక మాట ప్రచారములో నున్నది: ఈ కారకము బదిలీ ఆర్.ఎన్.ఏ.కు వేషధారి యని. 2000లో దీని స్ఫటిక నిర్మాణము వెలువడినపుడు ఆకారములో ఆ పోలిక కనబడిన మాట నిజమే. రెండును ఒకే చోట కూర్చుండును గనుక కొంత పోలిక ఉండక తప్పదు. కాని చదువు తీరు వేరు. 2015లో కేంబ్రిడ్జిలో వెంకట్రామన్ రామకృష్ణన్ ప్రభృతులు ప్రకటించిన చిత్రములలో, మూడక్షరముల సంకేతమే గాక దాని తరువాతి అక్షరము కూడ లోనికి ముడుచుకొని కనబడినది. ఏ బదిలీ ఆర్.ఎన్.ఏ.యు ఇట్లు నాలుగక్షరములను ముడిచి చదువదు. వేషమను మాట ఈ భేదమును కప్పివేయుచున్నది.

సంకేతమునకు ప్రాముఖ్యము లేదని కాదు. 1971లో వర్ణింపబడిన 'కాన్‌స్టెంట్ స్ప్రింగ్' హిమోగ్లోబినును చూడుడు. అది జమైకాలోని ఒక ప్రాంతము పేరు. ఆల్ఫా గొలుసు చివర యు.ఎ.ఎ. ఉండవలసిన చోట ఒక్క అక్షరము మారి సి.ఎ.ఎ. అయినది. కారకము నిక్షేపముగా నున్నది, చదువుటకు గుర్తు లేదు. అందుచే 141 ఎమైనో ఆమ్లములతో ముగియవలసిన గొలుసు మరి 31 కలుపుకొని పోయినది. అట్టి గొలుసు బహు కొద్దిగా మాత్రమే తయారగును. ఫలితము ఆల్ఫా థలసీమియా.

దీనికి ఎదురు ఉదాహరణము మన శరీరములోనే కలదు. మానవునిలో సుమారు 25 ప్రోటీనుల జన్యువులలో యు.జి.ఎ. నడుమనే వచ్చును, అయినను గొలుసు అచట ముగియదు. ఆ ఆర్.ఎన్.ఏ. కొస భాగమున నున్న ఒక ప్రత్యేకమైన మడత మూలమున, విడుదల కారకమునకు బదులు ఒక బదిలీ ఆర్.ఎన్.ఏ. వచ్చి సెలీనియము గల ఎమైనో ఆమ్లమును అందించును. గ్లుటథయోను పెరాక్సిడేసు అట్లు తయారగునదే. ఆపు సంకేతము రాగానే పని ఆగునని వ్రాసికొన్న విద్యార్థి ఈ ఎంజైమును గూర్చి ప్రశ్నించినచో, ఆ ఒక్క వాక్యమును పట్టుకొని ఉపాధ్యాయుడు ఇచ్చు సమాధాన మేమి?