తుడిచివేత చికిత్స కాదు
‘బ్యాంగిల్ జేయెస్ 2’ గడియారము - గుణదోష విచారణ

ప్రోగ్రాము వ్రాయుట నేర్చుకొను విద్యార్థికి అనువైన చేతి గడియారములలో ‘బ్యాంగిల్ జేయెస్ 2’ ఒకటి. బ్రిటనుకు చెందిన గోర్డన్ విలియమ్స్ దీనిని 2021లో ప్రకటించెను. ఆయన అంతకు పూర్వమే రూపొందించిన ‘ఎస్ప్రూయినో’ అను వ్యవస్థ దీనిని నడపును. 256 కిలోబైట్ల ర్యాము, ఫైళ్లకు 8 మెగాబైట్ల ఫ్లాష్ ఇందు కలవు. జావాస్క్రిప్టు భాషలో వ్రాసిన ప్రోగ్రామును ఇది నేరుగా చదివి నడపును. లోపల ఏమి వ్రాసియున్నదో ఎవరైనను తెరచి చూడవచ్చును. ఇది దీని మొదటి సుగుణము.

అయితే ఇట్టి గడియారములో ఒక చిక్కు ఎదురగుట కలదు. నిన్నటివరకు చక్కగా నడచిన ప్రోగ్రాము నేడు హఠాత్తుగా ఆగిపోవును. ఫలానా పంక్తిలో తప్పున్నదని తెరపై సందేశము వచ్చును. ఆ పంక్తిని చూచినచో దోషమేమియు కనబడదు. మరల నడిపినచో ఒక్కొక్కప్పుడు నడచును కూడ. దీనిని యంత్రపు చాపల్యమనుట సులభము. కాని యంత్రమునకు చాపల్యము లేదు.

రాజోలు ప్రాంతపు శివారు పొలమునకు నీరు చాలనిచో, లోపము ఆ పొలములోనే యున్నదని కోనసీమ రైతు అనుకొనడు. దవళేశ్వరము నుండి బయలుదేరిన నీరు పి. గన్నవరము వద్ద వైనతేయపాయను అక్విడక్టు మీదుగా దాటి, ఎన్నో తూములు గడచి రావలెను. ఎండినది ఇక్కడ, పూడినది మరెక్కడనో. గడియారములోని తప్పుల తీరును ఇట్టిదే.

ఆ పూడిక ఎట్లు ఏర్పడునో చూతము. ఫ్లాష్‌లో 1ని 0గా మార్చుట సులభము. 0ని మరల 1 చేయవలెనన్నచో ఆ ఒక్క చోటును దిద్దుటకు వీలులేదు; 4096 బైట్ల పుట మొత్తమును చెరపవలెను. పలకపై ఒక్క అక్షరము దిద్దుటకు పలకంతయు తుడిచినట్లన్నమాట. అందుచేత ఫైలు మార్చినప్పుడు క్రొత్త ప్రతి ఖాళీ చోట చేరును. పాతదానిపై కొట్టివేత గుర్తు మాత్రము పడును. ఖాళీ నిండినపుడు గడియారము మిగిలిన ఫైళ్లను జరిపి సర్దుకొనును. ఆ సర్దుబాటు నడుమ బ్యాటరీ అడుగంటినను, గడియారము తిరిగి మొదలైనను ఫైలు చెడు అవకాశము కలదు. ఈ సర్దుబాటు నిత్యము జరుగదు కనుకనే తప్పు ఎప్పుడు వచ్చునో తెలియదు. ప్రోగ్రాము కూడ ఒక ఫైలే; అది చెడినచో ‘ప్రోగ్రాములో తప్పు’ అను సందేశమే వచ్చును.

ఈ నిర్మాణము పొదుపైనది, సరళమైనది. లోపము వేరొకచోట నున్నది. ప్రతి ఫైలు ముందు దాని పేరు, పరిమాణము వ్రాసియుండును. లోని అక్షరములు మారినవో లేవో తేల్చు సరిచూపు సంఖ్య ఉండదు. కావున చెడిన ఫైలుకును, చెడుగా వ్రాసిన ప్రోగ్రామునకును గల భేదమును గడియారము తనంతట తాను చెప్పజాలదు.

ఇట్టి స్థితిలో ‘అంతయు చెరిపి మరల ఎక్కించుము’ అను సలహా సాధారణముగా వినబడును. దానివలన గడియారము బాగుపడవచ్చును. కారణము మాత్రము తెలియదు. తుఫాను దినములలో ఒక విద్యార్థి వారము పాటు ఈ గడియారముతో వాయుపీడనము కొలిచి దాచుకొనెననుకొందము. ఆ తుడిచివేతలో ఆ కొలతలును పోవును. తుఫాను తిరిగి వచ్చి కొలతలు ఇచ్చిపోదు కదా!

మేలైన మార్గము కలదు. ముందుగా ఫైళ్లన్నిటిని కంప్యూటరులోనికి ప్రతి తీసుకొనవలెను. ఈ గడియారములోనే సీఆర్‌సీ 32 అను సరిచూపు సంఖ్యను కట్టు సాధనము కలదు. అసలు ప్రోగ్రామునకును, గడియారములోని ప్రతికిని ఆ సంఖ్య కట్టి పోల్చవలెను. సంఖ్యలు వేరైనచో ఫైలు మారినది. ఒకటియైనచో ఆ ఫైలు చెడలేదని తలచి, ప్రోగ్రామును, ర్యాము చాలుచున్నదా అను సంగతిని, ప్రక్కన నడచు చిన్న ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా తీసివేసి పరీక్షింపవలెను. ఒకేసారి రెండు మార్పులు చేసినచో ఏది కారణమో తెలియదు.

తన లోపలి భాగములను దాచకుండుట ఈ గడియారపు గొప్పతనము. అంతయు చెరిపివేసి దానిని బాగుచేయు ఉపాధ్యాయుడు ఆ గొప్పతనమునే వదులుకొనును. దోషపు జాడను భద్రపరచి విచారించినచో, చెడిన గడియారము కూడ తరగతికి ఒక పాఠమగును.