ఊదా పూల చెట్లు: రంగు చెప్పే అబద్ధాలు

ఏప్రిల్‌లో బెంగళూరు రోడ్డు పక్క ఊదా పూల చెట్టు కనబడగానే చాలామంది జకరండా అనేస్తారు. అది వరగోగైనా కావచ్చు. దూరానికి రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ వాటి మధ్య చుట్టరికం లేదు. జకరండా అర్జెంటీనా, బొలీవియాల వైపు నుంచి వచ్చిన చెట్టు. వరగోగు ఈ నేలదే, మహారాష్ట్రకు రాష్ట్ర పుష్పం కూడా.

కింద రాలిన పూలు చూస్తే చాలు, సగం అనుమానం తీరుతుంది. జకరండా పూవు గొట్టంలా ఉంటుంది, రాలినా విడిపోదు. వరగోగుకి ముడతలు పడ్డ విడివిడి రేకులు, మామూలుగా ఆరు, మధ్యలో పసుపు కేసరాల గుత్తి. అది రేకురేకుగా రాలుతుంది. పూలు లేని నెలల్లో ఆకే సాక్ష్యం: జకరండాది చిట్టి ఆకులతో అల్లినట్టుండే సంయుక్త పత్రం, వరగోగుది వెడల్పైన ఒంటి ఆకు, రాలబోయే ముందు ఎర్రబడుతుంది. జకరండా కాయ బల్లపరుపుగా, గుండ్రంగా ఉంటే, వరగోగుది గట్టి గుండుకాయ, ఎండి పగులుతుంది.

అందం సంగతికొస్తే నా ఓటు వరగోగుకే. జకరండా ఆకు రాల్చి, కొమ్మలనిండా పూసి మెప్పు కొట్టేస్తుంది. వరగోగు నిండా ఆకులున్నప్పుడు, మే ఎండలోనూ పూస్తుంది. దాని కింద నిలబడితే నీడ కూడా దొరుకుతుంది.

అసలు చిక్కు కాంచనాలది. మన పార్కుల్లో కనిపించే రెండు రకాలకీ ఆకు ఆవు గిట్టలాగే చీలి ఉంటుంది, పూలూ ఇంచుమించు ఒకే ఊదా గులాబీ. వేళ చూడండి: ఒకటి వానలు వెనకపట్టాక, ఆకులతోనే పూస్తుంది. రెండోది చలి తగ్గుతూండగా, దాదాపు మోడు కొమ్మల మీద. మొదటిదానికి రేకులు సన్నం, మధ్యమధ్య సందులు, పుప్పొడినిచ్చే కేసరాలు మూడు. రెండోదాని రేకులు వెడల్పు, ఒకదానిమీదొకటి ఒరుగుతాయి, కేసరాలు ఐదు. పైగా ఈ రెండోదానికి తెల్లపూల రకం ఒకటుంది! పూల రంగును బట్టి అధ్యాయాలు విడగొట్టిన చెట్ల పుస్తకాలు ఇక్కడే దెబ్బతింటాయి: ఒకే జాతి రెండు అధ్యాయాల్లోకి వెళ్ళాలి. ఆకుతో మొదలుపెట్టే పుస్తకం చూడ్డానికి చప్పగా ఉంటుంది, చెట్టు దగ్గర మాత్రం అదే అక్కరకొస్తుంది. ఫోను ఫొటో పంపి పేరడిగేవాళ్ళతో ఇంకో పేచీ. ఊదా రంగు కెమెరాలో తరచూ నీలానికి తిరుగుతుంది. పూవుతోపాటు ఆకునీ తీసి పంపితే చెప్పేవాళ్ళకి పని తేలికవుతుంది.

ఇంతకీ కానుగ, తురక వేప పూలు కూడా లేత ఊదాయే. పూలు చిన్నవి కాబట్టి ఎవరూ వాటిని ఈ జాబితాలో కలపరు, ఆ చెట్టు ఏమిటని ఆగి అడగరు.

మళ్ళీ కాంచనాలకొస్తే, కేసరాల లెక్క కూడా అన్నిచోట్లా సరిపోదు. హాంగ్‌కాంగ్ జెండా మీదున్న కాంచనం పైన చెప్పిన రెండు కాంచనాల సంకరం. రేకులు పెద్దవి, రంగు మరింత చిక్కన. కేసరాలు చాలాసార్లు ఐదే కనబడతాయి కాబట్టి రెండో కాంచనంతో పొరబడటం సులువు. కానీ అది గొడ్డు చెట్టు, కొమ్మలు నాటో అంటు కట్టో పెంచాల్సిందే. చెట్టుకి చిక్కుడుకాయల్లాంటి కాయలు వేలాడుతూంటే, అది హాంగ్‌కాంగ్ కాంచనం కాదు.