రాయి చెప్పని లెక్క

రామప్ప గుడికి వెళ్తే గైడు తప్పకుండా చూపించే మదనిక శిల్పం ఒకటుంది. కాళ్ళకు ఎత్తు మడమల చెప్పులుంటాయి. ‘హైహీల్స్ మనోళ్ళే కనిపెట్టిండ్రు సార్’ అని అతను అనడం, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వడం మామూలే. నా చూపు మాత్రం చెప్పుల దగ్గర ఆగదు, మోకాళ్ళ మీదికి పోతుంది. ఆ నల్లరాతి ఆడవాళ్ళలో ఒక్కొక్కరిది ఒక్కో వంపు. 1213లో రేచర్ల రుద్రుడు గుడి కట్టించిన నాటి నుంచి ఆ వంపు దించింది లేదు. పిక్క పట్టేసింది లేదు, మడమ వాచింది లేదు. ఆట మొదలుపెట్టిన మూడేళ్ళకే నాకు అన్నీ అయ్యాయి.

హనుమకొండలో పేరిణి నృత్యం నేర్చుకుంటున్న రోజులవి. శివరాత్రికి ప్రోగ్రాం ఖాయమైంది. చేతిలో ఇరవై రోజులే ఉన్నాయి. వారానికి మూడు రోజులు, రోజుకో గంట సాగుతున్న సాధన ఒక్కసారిగా రోజుకు నాలుగు గంటలైంది. వారం తిరిగేసరికి మోకాలి కింద, ముందెముక మీద, రూపాయి బిళ్ళంత చోట నొప్పి మొదలైంది. మొదట ఆట చివర్లో వచ్చేది. తర్వాత మధ్యలోనే వచ్చేది. ఆపైన మొదటి అడుగు నుంచే. అమ్మ జిల్లేడాకు వెచ్చచేసి కట్టింది. ఎక్స్‌రే తీయిస్తే ఎముక శుభ్రంగా ఉందన్నారు. ఆ మాట పట్టుకుని ఇంకో వారం ఎగిరాను. శివరాత్రి నాడు వేదిక కింద ఒక కుర్చీలో నేను, ఎదుటి కుర్చీలో నా కాలు.

దాన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారని తర్వాత తెలిసింది. కింద పడితే విరిగే రకం కాదు, కొట్టగా కొట్టగా చిట్లే రకం. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు, ఎంఆర్ఐలో దొరుకుతుంది. రామప్పలోనే, కాలిలో దిగిన ముల్లు తీయించుకుంటున్న స్త్రీ శిల్పాన్ని కూడా చూపిస్తారు. ముల్లు దిగిన చోట వాపు కూడా చెక్కాడు చూడమంటారు. ముల్లు కంటికి కనబడుతుంది కాబట్టి శిల్పి చెక్కగలిగాడు. నా కాలిలో ముల్లూ లేదు, వాపూ లేదు. ‘నాటకం ఆడుతున్నడు’ అన్న తోటి పిల్లల మీద నాకిప్పుడు కోపం లేదు.

పేరిణి యుద్ధానికి వెళ్ళే సైనికుల ఆట అని ఓరుగల్లులో చెప్పుకుంటారు. ఆ మాటకు ఈ గాయం చరిత్ర బాగానే అతుకుతుంది. దీన్ని మొదట గుర్తుపట్టింది సైనికుల్లోనే. 1855లో బ్రైట్‌హౌప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు, దూరాలు కవాతు చేసిన జవాన్ల పాదాలు వాచి నొప్పి పెట్టడం గురించి రాశాడు. ఎక్స్‌రే వచ్చాక గానీ అవి చిట్లిన ఎముకలని తేలలేదు. పాదం ఎముక అలా చిట్లితే ఇప్పటికీ మార్చ్ ఫ్రాక్చర్ అనే పిలుస్తారు.

ఎముక ఎండిన కట్టె కాదు. దాని మీద భారం పెరిగిందని తెలియగానే ఒళ్ళు మరమ్మతుకు దిగుతుంది. పాత ఎముకను తొలిచే కణాలు ముందు వస్తాయి, కొత్తది కట్టేవి వెనక వస్తాయి. తొలవడం వారాల్లో అయిపోతుంది, కట్టడానికి నెలలు పడుతుంది. పాతిల్లు బాగుచేసేటప్పుడు ముందు గోడ పడగొడతాం, కొత్త ఇటుక ఆ తర్వాత పడుతుంది. ఆ నడిమి రోజుల్లో కప్పు మీదికెక్కి ఎవరూ గంతులెయ్యరు. మేము వేశాం. భారం పెరిగిన మూడు నాలుగు వారాలకు ఎముక మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. మా ఇరవై రోజుల రిహార్సల్ సరిగ్గా అక్కడికి వచ్చి పడింది.

ఇందులో పేరిణి తప్పు ఎంత? చాలా తక్కువ అంటాను. తప్పెక్కడుందో తెలియాలంటే ఈ ఆట మనదాకా ఎలా వచ్చిందో గుర్తు చేసుకోవాలి. కాకతీయ రాజు గణపతిదేవుడి బావమరిది, ఏనుగుల దళానికి అధిపతి అయిన జాయప సేనాని 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళి రాశాడు. ఎనిమిది అధ్యాయాలు, మొదటి నాలుగు శాస్త్ర సంప్రదాయమైన మార్గానికి, చివరి నాలుగు ప్రాంతాల ఆటలైన దేశికి. పేరిణి ఆ దేశి భాగంలోది. ఒళ్ళంతా విభూతి, పిక్కలకు గజ్జెలు కట్టిన మగవాడి ఆట. 1323లో ఓరుగల్లు కూలింది. ఆట కూడా పోయింది. వందల ఏళ్ళ తర్వాత నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ రామప్ప శిల్పాలనూ ఎదురెదురుగా పెట్టుకుని పేరిణిని మళ్ళీ లేపి నిలబెట్టారు. 1985 శివరాత్రికి రామప్ప గుడి దగ్గరే ఆడించారు. ఆయన చేసింది మామూలు పని కాదు.

అయితే రాయి భంగిమను దాస్తుంది. గ్రంథం అడుగును దాస్తుంది. ఆ అడుగు రోజుకు ఎన్నిసార్లు వెయ్యాలి, ఎప్పుడు ఆపాలి, కాలు సలిపితే ఏం చెయ్యాలి అన్నవి గురువు కంటిచూపులో ఉంటాయి. ఎవరూ రాసిపెట్టుకోని విద్య అది. ఆడేవాళ్ళు ఆగిపోగానే మొదట పోయేది అదే. మనకు పేరిణి తిరిగొచ్చింది, దాని లెక్క రాలేదు. ఆ లెక్కను ఇప్పుడు మనమే కట్టుకోవాలి.

లెక్క అంటే గంటలు కాదు. మూడు కాలాల సంగతి నాట్యం నేర్చినవాళ్ళందరికీ తెలుసు. ఒకటో కాలంలో తాళానికి ఒక అడుగు, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. నిమిషానికి 60 తాళాలు పడుతున్నాయనుకుందాం. ఒకటో కాలంలో పది నిమిషాలాడితే 600 అడుగులు. మూడో కాలంలో అదే పది నిమిషాలకు 2,400. అలా ఆడిన ఇద్దరు పిల్లలూ ‘పది నిమిషాలు సాధన చేసినం’ అనే చెప్తారు, ఒకడి కాళ్ళు నాలుగింతలు తిన్నాయి. కుర్ర ఫాస్ట్ బౌలర్ల నడుము ఎముక చిట్లకుండా రోజుకు ఇన్ని ఓవర్లే అని క్రికెట్‌లో హద్దులు పెట్టారు. నర్తకుడి అడుగులు లెక్కపెట్టినవాళ్ళను నేను చాలాకాలం చూడలేదు.

ఇప్పుడు చూస్తున్నాను. ఆదివారం పొద్దున హనుమకొండలో ఒక చిన్న హాల్లో జరిగే క్లాసుకు వెళ్ళి మూల కూర్చుంటాను. చెప్పే సారు నాకంటే చిన్నవాడు. పోయిన నెల ఒకరోజు పదమూడేళ్ళ పిల్లగాణ్ణి ముందుకు పిలిచాడు.

‘కొట్టురా.’

వాడు పళ్ళు బిగబట్టి కొట్టాడు. కింద గ్రానైటు. మడమ ముందు తగిలి, వేళ్ళు ఆ తర్వాత పడ్డాయి. గజ్జెలు ఒకటే గోల.

‘మడమతోని నేలను పొడుస్తున్నవ్ బిడ్డా. అరికాలు మొత్తం ఒక్కపారి వాలాలె. మోకాలు ముందే వంగి ఉండాలె. ఇప్పుడు కొట్టు.’

ఈసారి చప్పుడు చిన్నది కాలేదు, మారింది. చెంపదెబ్బలాంటిది తబలా మీది దెబ్బలా అయింది. పిల్లగాడు తన కాలి వంక తనే చూసుకున్నాడు.

చప్పుడు బలంతో వస్తుందని బయటివాళ్ళు అనుకుంటారు. అరికాలు మొత్తం ఒకేసారి నేలకు ఆనితే వచ్చే చప్పుడది. మోకాలు బిర్రబిగిసి ఉంటే ఆ దెబ్బను ముందెముక మింగుతుంది. వంగి ఉంటే తొడకండ, పిక్క పంచుకుంటాయి. ఎగిరి దిగేటప్పుడు పద్ధతి వేరు. ముందు మునివేళ్ళ మెత్త, ఆ వెంటనే మడమ, వెంటే మోకాళ్ళ వంపు. దిగిన చప్పుడు ఎంత తక్కువైతే అంత మంచిది. పేరిణి అంగాల్లో ఘర్ఘర అని ఒకటుంది, గజ్జెలను తాను అనుకున్నట్టు మోగించే నేర్పు. కొన్నే మోగాలి, లేదా అన్నీ కలిసి ఒక్క ధ్వనిగా రావాలి. కాలిని నేలకేసి బాదేవాడికి అది జన్మలో రాదు. కాలిని అదుపులో పెట్టుకున్నవాడికే వస్తుంది, ఆ అదుపే వాడి ఎముకనూ కాస్తుంది. ఘర్ఘర బాగా చేసేవాడు ముందెముక నొప్పని కూర్చోవడం నేనైతే చూడలేదు.

మోకాలి సంగతి క్లుప్తంగా. మండలంలో పాదాలను పక్కలకు తిప్పి కూర్చోవాలి. ఆ తిప్పుడు తుంటి నుంచి రావాలి. తుంటి తిరగనివాడు పాదాలను మాత్రం విప్పి నిలబడితే మోకాలు లోపలికి వాలుతుంది, మెలి అక్కడ పడుతుంది. అద్దంలో చూసుకుంటే తెలిసిపోతుంది. మోకాటి చిప్ప పాదం రెండో వేలి మీదికి చూస్తుండాలి. అంతవరకే పాదం తిప్పాలి. శిల్పంలో అంతకంటే ఎక్కువ తిరిగి ఉందంటే, అది శిల్పం.

ఇక మడమ వెనక నొప్పి. పొద్దున లేవగానే బిగుసుకుని ఉండి, నాలుగడుగులు వేస్తే సడలి, మర్నాడు మళ్ళీ వచ్చేది. మనవాళ్ళు దీన్ని ‘నరం పట్టింది’ అంటారు. మన దగ్గర ఒంట్లో నొప్పి పెట్టేవన్నీ నరాలే. అది నరం కాదు, పిక్కకండను మడమకు కట్టే మోకు లాంటిది. దానికి పూర్తి విశ్రాంతి మందు కాదు, వాడకపోతే ఇంకా బలహీనపడుతుంది. 1998లో ఆల్ఫ్రెడ్‌సన్ అనే స్వీడన్ వైద్యుడు ఒక పద్ధతి చెప్పాడు. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, నొప్పి ఉన్న కాలి మడమను నెమ్మదిగా కిందికి దించాలి. పైకి లేచేటప్పుడు రెండో కాలి సాయం తీసుకోవాలి. 15 సార్లు చొప్పున మూడు విడతలు, పూటకోసారి చొప్పున రోజుకు రెండు పూటలు, 12 వారాలు. మా సారు హాలు బయటి మెట్ల మీద ఇద్దరు పిల్లలు ఇదే చేస్తుంటారు. అలవాటయ్యాక బరువు పెంచాలి కాబట్టి వీపున స్కూలు బ్యాగు. వాచ్‌మన్ మొదట్లో వాళ్ళకేదో శిక్ష పడిందనుకున్నాడు.

మళ్ళీ ముందెముక దగ్గరికొస్తే, తగ్గించి ఆడితే పోయే నొప్పికీ, ఆట ఆపాల్సిన నొప్పికీ తేడా తెలియాలి. ఎముక వెంట జానెడు మేర కలియబెట్టినట్టు సలుపుతుంటే కొన్నాళ్ళు తగ్గించి ఆడితే సర్దుకుంటుంది. ఒక్క వేలు పెట్టి ‘ఇక్కడే’ అని చూపించగలిగితే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, ఆట ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి పోవాలి. అప్పుడు కాపడాలు వద్దు, పిసుకుడు అసలే వద్దు. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ముందెముక ఎదుటి అంచున చిట్లితే ఇంకా ఎక్కువ, అది మొండిది.

నేల గురించి ఎవరో ఒకరు తప్పక అడుగుతారు, కాకతీయుల కాలంలో రాతి మీదే ఆడారు కదా అని. ఆడారు. పుట్టినప్పటి నుంచి చెప్పుల్లేకుండా నడిచిన కాళ్ళవి. మన పిల్లల కాళ్ళు బూట్లలో బడికి పోయి, క్లాసు ఉన్న రోజే గ్రానైటు మీద విప్పుకుంటాయి. దాని మీద తివాచీ పరిస్తే దెబ్బ తగ్గదు, జారుడు మాత్రం తగ్గుతుంది. కింద సందు వదిలి బిగించిన చెక్కల నేల మంచిది. అది కుదరకపోతే అలికిన మట్టినేల. నాట్యశాస్త్రంలో చారీల, అంటే కాలి కదలికల, సాధన చెప్పేచోట నేలకు పెద్దపీట వేశారు. సాధనకు ముందు ఒంటికి నువ్వులనూనె మర్దన గురించీ, ఒంటికి సత్తువిచ్చే తిండి గురించీ కూడా అక్కడ చెప్పారు. చాదస్తమని దాటేసిన ఆ పేరాను నా కాలు చిట్లాక మళ్ళీ చదివాను. సన్నబడాలని అన్నం మానేసి ఆడేవాళ్ళ ఎముకలు తొందరగా చిట్లుతాయని ఈనాటి వైద్యులూ చెప్తున్నారు. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పొద్దున అంబలి తాగి వచ్చేవాడికి మా సారు మార్కులు వెయ్యడు గానీ, తాగనివాణ్ణి మాత్రం ఎగరనివ్వడు.

అన్నిటికంటే మొండి శత్రువు క్యాలెండరు. పిల్లలు పరీక్షల కోసం రెండు నెలలు మానేస్తారు. సెలవుల్లో సమ్మర్ క్యాంపని రోజూ వస్తారు. జూన్ 2 రాష్ట్ర అవతరణ దినానికి ఒక ప్రోగ్రాం, బతుకమ్మ దసరాలకు ఒకటి, శివరాత్రికి ఇంకోటి. పిలుపు ఇరవై రోజుల ముందే వస్తుంది, ఇరవై మందిని పంపమంటారు. కాదంటే ఇంకొకరిని పిలుచుకుంటారు. ఈ చిక్కుకు నా దగ్గర మందు లేదు. మా సారు చేసేదొకటే. పిలుపు రాకముందే ఏడాది పొడుగునా వారానికి మూడు రోజులు తెగనివ్వడు. పిలుపొచ్చాక అడుగులు పెంచడు, నోటి పని పెంచుతాడు. అడుగులకు పలికే జతులన్నీ కూర్చుని చేత్తో తాళం వేస్తూ చెప్పాలి. జతిని ముగించే తీర్మానం నోట్లో తడబడితే కాళ్ళలో తప్పక తడబడుతుంది, తడబడిన కాలు మళ్ళీ మళ్ళీ కొడుతుంది. నోటికి రాని జతిని కాళ్ళతో నేర్చుకోవడం వల్ల ఎన్ని వేల దండగ అడుగులు వేశానో నాకు కాలు చిట్లి కూర్చున్న ఆ రెండు నెలల్లో తెలిసింది. అన్నాళ్ళూ నేను చేసింది జతులు చెప్పడమే. తిరిగి లేచాక నా ఆట బాగుపడిందని నాకు అందరూ చెప్పారు, ఆడకుండా ఎట్లా బాగుపడిందో మాత్రం ఎవరూ అడగలేదు.

పోయిన ఆదివారం ఒక పిల్ల తొమ్మిది వారాల తర్వాత తిరిగొచ్చింది. పేరిణి ఇప్పుడు ఆడపిల్లలూ నేర్చుకుంటున్నారు. కాళ్ళకు గజ్జెలు లేవు, సారు కట్టనివ్వలేదు. ఒకటో కాలమే, ఎగురుళ్ళు లేవు. గోడ పక్కన ఇంకో పిల్ల కూర్చుని నోట్‌బుక్కులో నాలుగు గీతలు, వాటిని కొట్టేస్తూ ఐదో గీత, అలా లెక్క రాస్తోంది. ఆడుతున్న పిల్ల ముఖంలో ఉషారు పెరిగిపోతోంది, రెండో కాలంలోకి జారబోతోంది. సారు తాళం వేస్తున్న కర్ర ఆపాడు.

‘ఎన్నైనయ్?’

‘నూట ఇరవై సారూ.’

‘సాలు. కూసో.’

‘సారూ, నొస్తలేదు సారూ. ఇంకొక్కపారి...’

‘నొస్తలేదనే కూసోమంటున్న. బుక్కుల రాయి, ఎల్లుండి నూట ముప్పై.’