ఆళ్లగడ్డ విగ్రహానికి పెట్టె కట్టే పని

ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. అహోబిలం దారిలో ఆగి, నల్లరాతిలో తేలిన కిరీటం చెక్కడాన్నీ, ప్రభావళి మీది సన్నని తీగలనూ మెచ్చుకోని వాళ్లుండరు. అదే విగ్రహం సముద్రాలు దాటి అమెరికా గుడికి ఒక్క పెచ్చు లేవకుండా చేరాలంటే దాని చుట్టూ ఒక చెక్కపెట్టె కట్టాలి. ఆ పెట్టె గురించి రాసినవాళ్లు మాత్రం నాకు కనబడలేదు. బాగా కట్టిన పెట్టె శిల్పం పక్కన నిలబెట్టి చూపించదగ్గ పని అని నా నమ్మకం.

విగ్రహం సరుకే, కానీ మామూలు సరుకు కాదు. వేలు విరిగినా, ముక్కు చెదిరినా అది అంగహీనం, మూలవిరాట్టుగా పనికిరాదు. బీమా సొమ్ము చేతికొచ్చినా రాయిని ఎంచుకోవడం దగ్గర్నుంచి పని మళ్లీ మొదలుపెట్టాల్సిందే. పైగా రాయి స్వభావం ఒకటుంది. నొక్కే బరువును అది ఎంతైనా మోస్తుంది, లాగినా వంచినా మాత్రం తట్టుకోలేదు. నొక్కుడుకు ఓర్చుకునే బలంలో పదో వంతు కూడా లాగుడు ముందు నిలవదు. అందుకే పాత స్థపతులు పైచేతుల్లోని శంఖచక్రాలను గాలిలో వదలకుండా వెనక ప్రభావళికో భుజానికో చిన్న రాతి ఆసరా ఉంచేవాళ్లు. పెట్టె కట్టేవాడు ఆ తెలివినే చెక్కలో కొనసాగించాలి. పీఠం, తొడలు, నడుము వెనక భాగం బరువు మోసే చోట్లు. దిమ్మెలు అక్కడే బిగించాలి. వేళ్లనూ చెవి కుండలాలనూ తోరణం కొననూ ఏదీ తాకకూడదు. వాటి చుట్టూ ఖాళీ ఉండాలి. ఆ ఖాళీని స్పాంజితో కుక్కేస్తే భద్రమనుకుంటారు గానీ, కుదుపులో ఆ కుక్కిన స్పాంజే వేలిని తోస్తుంది.

ఓడా, విమానమా అన్న ప్రశ్న ఇక్కడే పనితనంలోకి వస్తుంది. రేట్లు మాత్రమే పోల్చి చూసేవాళ్లకు ఇది అందదు. నాలుగడుగుల విగ్రహం ఒకటి అనుకుందాం. రాయి నాలుగు వందల కిలోల పైచిలుకు, పెట్టెతో కలిపి సుమారు 500 కిలోలు, పెట్టె పరిమాణం దాదాపు ఒక ఘనపు మీటరు. విమానంలో ఘనపు మీటరును 167 కిలోల కింద లెక్కగట్టి, అసలు బరువుతో పోల్చి, ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తారు. ఇక్కడ అసలు బరువే గెలుస్తుంది కాబట్టి 500 కిలోలకూ కట్టాలి. ఓడలో నలుగురి సరుకుతో పంచుకునే కంటైనర్ అయితే ఒక టన్నుకు ఒక ఘనపు మీటరు సమానం. అక్కడ పరిమాణం గెలుస్తుంది, ఒక ఘనపు మీటరుకే కట్టాలి.

దీని ఫలితం అందంగా ఉంటుంది. విమానంలో చెక్క ప్రతి కిలోకూ డబ్బు, మెత్త మాత్రం ఉచితం. పెట్టె మూడు ఘనపు మీటర్లకు పెరిగేదాకా చార్జీ మారదు. ఓడలో చెక్క బరువు ఉచితం. ఇంకో అర టన్ను కలిసినా చార్జీ పెరగదు, పెట్టె ఉబ్బితే పెరుగుతుంది. కాబట్టి విమానం పెట్టెకు పల్చని ప్లైవుడ్, మందపాటి ఫోమ్. ఓడ పెట్టెకు బలమైన దూలాలు, ఒంటికి అతికినట్టు కుదిరిన దిమ్మెలు. దారి ఏదో తెలియకుండా పెట్టె మొదలుపెట్టే పనివాడు సగం పని తప్పు చేసినట్టే.

సముద్రానికి ఆ దూలాలు అవసరం కూడా. ఓడ రోజుల తరబడి అటూ ఇటూ ఒరుగుతుంది. కంటైనర్లో సరుకు కట్టడానికి 2014లో వచ్చిన అంతర్జాతీయ నియమావళి, పక్కకు తోసే బలం సరుకు బరువులో 80 శాతం దాకా ఉండొచ్చని లెక్క వేసుకోమంటుంది. మన 500 కిలోల పెట్టెను 400 కిలోల బలం పక్క నుంచి తోస్తుందన్నమాట. మేకులు ఆ ఊపుకు వదులవుతాయి, బోల్టులు నిలుస్తాయి. కింద రెండు అడ్డదూలాలు బరువును కంటైనర్ నేలంతా పరచాలి. రాత్రి చల్లబడితే కంటైనర్ పైకప్పు చెమరుస్తుంది. ఆ నీటిచుక్కలు పెట్టెలోని ఇనుము మీద పడి తుప్పు మరకలు విగ్రహానికి పట్టకుండా తేమ పీల్చే సంచులు వేలాడదీయాలి.

మన లారీల్లో విగ్రహాల కింద పరిచే వరిగడ్డి మీద నాకు ప్రేమ ఉంది. అంత మంచి మెత్త ఇంకోటి లేదు. కానీ పురుగుల భయంతో అమెరికా, ఆస్ట్రేలియా గడ్డిని రానివ్వవు. చెక్కకూ షరతు ఉంది. దాని నడిబొడ్డు 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉండాలి, గోధుమ కంకి ముద్ర పడాలి. ముద్ర లేని ఒక్క ముడిచెక్క ముక్క పెట్టెలో ఉన్నా సరుకు మొత్తం ఆగిపోవచ్చు.

ఇక కాలం. ఆళ్లగడ్డ ఉన్న నంద్యాల జిల్లా నుంచి 40వ నంబరు జాతీయ రహదారి కడప మీదుగా చిత్తూరు వైపు దిగుతుంది. అక్కణ్నుంచి చెన్నై రేవు. రేవు దాటాక అమెరికా తూర్పు తీరానికి నెల దాటే ప్రయాణం. 2023 చివర ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగడంతో ఇంకో పది రోజులు, రెండు వారాలు కలిశాయి. విమానమైతే వారంలోపే. అయితే ప్రయాణికుల విమానం కడుపులో పెట్టె ఎత్తు సుమారు 160 సెంటీమీటర్లు దాటకూడదు. ప్రతిష్ఠ ముహూర్తం కదిలేది కాదు, దానికి ముందు జలాధివాసం, ధాన్యాధివాసం, నేత్రోన్మీలనం అనే క్రతువులు ఉన్నాయి. నా తీర్పు ఇది: మూలవిరాట్టుకు ఓడే తగినది, ముహూర్తానికి కనీసం నాలుగు నెలల ముందు ఊరు దాటాలి. చిన్న ఉత్సవమూర్తులు విమానంలో వెళ్లొచ్చు. ఆలస్యమైందని పెద్ద రాయిని ఆదరాబాదరాగా విమానానికి అప్పజెప్పడం పెట్టెకూ శిల్పానికీ అన్యాయం.

కాగితాల్లో ఒకటి తప్పనిసరిగా చెప్పాలి. కొత్త విగ్రహమే అయినా, అది పురాతన వస్తువు కాదని భారత పురావస్తు శాఖ ధ్రువపత్రం చేతిలో ఉండాలి. 1972 నాటి చట్టం నూరేళ్లు దాటిన శిల్పాలను దేశం దాటనివ్వదు. ఇది మంచి చట్టం. పెట్టె బిగించక ముందే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకుంటే ఆ పత్రానికీ బీమాకూ రెండింటికీ పనికొస్తాయి.

నేను అన్నిటికన్నా ఎక్కువ మెచ్చుకునేది విప్పే క్రమాన్ని రాసిపెట్టే పద్ధతిని. అవతల పెట్టె విప్పేది శిల్పులు కారు, గుడి కమిటీ కార్యకర్తలు. గునపం పెట్టి పైమూత పెకలిస్తే అది తిన్నగా కిరీటానికి తగులుతుంది. అందుకే మంచి పనివాడు ముందువైపు పలకను విప్పడానికి వీలుగా బోల్టుల మీద కడతాడు, మొదట విప్పే వైపు ఎర్రరంగు పూస్తాడు, దిమ్మెలకు వరుస అంకెలు వేస్తాడు, తాడు ఎక్కడ వేసి ఎత్తాలో పెట్టె మీదే బొమ్మ గీస్తాడు.