ఎడారి దారిలో గాలి లెక్క

ఆస్ట్రేలియా లోపలి ప్రాంతాల్లో, తారు ముగిసి ఎర్రమట్టి మొదలయ్యే దారుల మీద, ఫోర్ వీల్ డ్రైవ్ బండికి కారవాన్ అనే చక్రాల ఇంటిని తగిలించుకొని వారాల తరబడి తిరిగే యాత్రికుల మధ్య ఒక అపురూపమైన విద్య పెరిగింది. నేలకూ బరువుకూ వేగానికీ తగినట్లు టైరులో గాలిని తగ్గిస్తూ పెంచుతూ, ఆ మార్పు సరిపోయిందో లేదో అంకెల్లో చదువుకోవడమే ఆ విద్య. టైరులోని ఒత్తిడినీ వేడినీ కొలిచి రేడియో తరంగాలతో డ్రైవరు ఎదుటి తెరకు పంపే సెన్సర్లు దానికి దొరికిన అత్యుత్తమ సాధనం.

మెత్తటి ఇసుకలో టైర్ల గాలి తీస్తే బండి మునగకుండా సాగుతుందని లిబియా ఎడారిలో కార్లు నడిపిన రాల్ఫ్ బాగ్నోల్డ్ 1930ల నాటికే చూపాడు. ఆస్ట్రేలియాలోనే బర్డ్స్‌విల్ దారిలో టపా లారీ నడిపిన టామ్ క్రూజ్, ఇసుక దిబ్బల మీద ఇనుప రేకులు పరచి మరీ బండిని దాటించిన మొనగాడు. వెయ్యికి పైగా దిబ్బలున్న సింప్సన్ ఎడారిని 1962లో భార్యాపిల్లలతో సహా మోటారు బండిలో దాటిన భూగర్భ శాస్త్రవేత్త రెగ్ స్ప్రిగ్ ఘనత ఎంత చెప్పినా తక్కువే. వీరెవరికీ తెర లేదు, సెన్సరు లేదు. టైరు ఉబ్బును కంటితో చూసి, వేడిని అరచేతితో తెలుసుకొని నడిపినవారు వారు.

గాలి తగ్గినప్పుడు టైరు నేలను తాకే భాగం వెడల్పు కంటే పొడవులో ఎక్కువగా పెరిగి, బరువును ఎక్కువ ఇసుక మీద పంచుతుంది. అందుకే తారు మీద 36 లేదా 40 పీఎస్‌ఐ ఒత్తిడి ఉంచేవారు ఇసుకలో 18కి, ఒక్కోసారి 16కీ దించుతారు. అయితే గాలి తగ్గిన టైరు పక్కగోడలు తిరిగినప్పుడల్లా ఎక్కువగా వంగి వేడెక్కుతాయి కనుక, గాలి తగ్గితే వేగమూ తగ్గి తీరాలి.

ఈ విద్యలో అన్నిటికన్నా అందమైన భాగం నాలుగు పీఎస్‌ఐ సూత్రం. ఏదో టైరు కంపెనీ ఇంజనీర్లు మొదట చెప్పారంటారు. బయలుదేరే ముందు చల్లని టైరులో ఉన్న ఒత్తిడి, గంటసేపు నడిచాక సుమారు 4 పీఎస్‌ఐ పెరిగితే గాలి సరిపోయినట్లు. బరువులు మోసే లైట్ ట్రక్ టైర్లకైతే 6 దాకా పెరగవచ్చు. 36తో బయలుదేరిన టైరు 46 చూపిస్తే గాలి ఎక్కువైందని తలచి వాల్వు నొక్కేవారు అనేకులు. నిజం దానికి పూర్తిగా విరుద్ధం: ఆ బరువుకూ వేగానికీ గాలి చాలక టైరు అతిగా వంగి, వంగినందువల్ల వేడెక్కి, ఆ వేడికి లోపలి గాలి వ్యాకోచించింది. వేగం తగ్గించాలి, బరువు దించాలి, లేదా మర్నాడు చల్లని టైరులో ఇంకాస్త గాలి కొట్టాలి. ఈ ఒక్క సూక్ష్మం గ్రహించినవారికి తెర మీది ప్రతి అంకె మాట్లాడుతుంది.

నిపుణులు ఒక అంకెను ఒంటరిగా చదవరు, అదే ఇరుసు మీది రెండో టైరుతో పోల్చి చదువుతారు. ఎండ పడే వైపు టైరు రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువ చూపడం సహజమే. కానీ నెమ్మదిగా గాలి పోతున్న టైరు వేడెక్కడం వల్ల ఒత్తిడి కొంతసేపు తగ్గినట్లే కనిపించదు, వేడి మాత్రం జత టైరును మించి ఎగబాకుతుంది. బిగుసుకున్న బ్రేకూ పాడవుతున్న బేరింగూ కూడా మొదట ఈ వేడిలోనే బయటపడవచ్చు. కారవాన్ టైరు చదునైపోయినా లాగే బండి స్టీరింగుకు అది తెలియదు కనుక, ఈ చూపు అవసరం వెనుక వచ్చే కారవాన్ చక్రాలకే ఎక్కువ.

కొన్ని కార్లలో చక్రాలు తిరిగే వేగాన్ని బట్టి మాత్రమే గాలి తగ్గిందని ఊహించి దీపం వెలిగించే ఏర్పాటు ఉంటుంది. కారవాన్ సంగతి దానికి తెలియదు, అన్ని టైర్లూ సమానంగా దిగితే కనిపెట్టలేకపోవచ్చు. దాన్ని ఈ విద్యలో లెక్కించడమే తగదు. వాల్వుకు బయట మూతలా బిగించే సెన్సర్ల కంటే రిమ్ము లోపల అమర్చేవే శ్రేష్ఠం, ఎందుకంటే అవి గాలికి చల్లబడకుండా లోపలి వేడిని చెబుతాయి, ముళ్లకంపకు తగిలి ఊడవు. బయటివే వాడక తప్పకపోతే రబ్బరు వాల్వులు తీసి లోహపువి వేయించాలి. సెన్సరు బరువుకు రబ్బరు ఊగి ఊగి పగులుతుంది.

ఇంతటి విద్య నేడు అగ్గువ నకళ్ల పాలవుతోంది. ఊరూ పేరూ లేని పెట్టెల్లో వచ్చే సెన్సరు సెట్లలో కొన్ని కారవాన్ వెనుక ఇరుసు నుంచి సంకేతం అందకపోయినా, ఎప్పుడో అందిన పాత అంకెనే తాజాదిగా తెర మీద నిలబెడతాయి. పేలబోయే టైరును క్షేమంగా ఉందని చెప్పే పరికరం లేనిదానికంటే ప్రమాదకరం, దాన్ని అమ్మడం అపరాధం. ఇంకా బాధాకరం, తారు రోడ్డు గాలితోనే ఇసుక దిబ్బలెక్కి, చక్రాలు గిర్రున తిప్పి గుంతలు తవ్వి, తరువాత వచ్చేవారికి దారి పాడుచేసి పోయే వారి సంఖ్య పెరగడం. కారవాన్లు అమ్మేవారు, అద్దెకిచ్చేవారు తాళంచెవితో పాటు మంచి గేజీ ఒకటి, గాలి కొట్టే కంప్రెసరు ఒకటి చేతికిచ్చి, చల్లని అంకెకూ వేడి అంకెకూ తేడా చదవడం తీసుకునేవారికి అక్కడికక్కడే నేర్పి పంపాలి.