లూసిల్ బాల్ హాస్యాభినయం: ఓటమిని నటించిన నేర్పు

హాస్యరసం స్త్రీపాత్రల్లోనూ నీచపాత్రల్లోనూ అధికంగా కనిపిస్తుందని నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయం చెబుతుంది. స్త్రీని నవ్వుకు ఆలంబనగా నిలిపిన ఈ సూత్రీకరణ, ఆ నవ్వును తానే నిర్మించే నటికి ఎంతవరకు వర్తిస్తుందన్నది విచార్యం. అమెరికన్ టెలివిజన్ తొలితరం హాస్యనటి లూసిల్ బాల్ (1911-1989) నటజీవితం ఈ ప్రశ్నను సూటిగా ముందుకు తెస్తుంది.

హాలీవుడ్‌లో దాదాపు రెండు దశాబ్దాలు పనిచేసినా ఆమె అగ్రతార కాలేదు. 1948లో మొదలైన 'మై ఫేవరెట్ హస్బెండ్' రేడియో ధారావాహిక ఆమె హాస్యశక్తిని వెలికితెచ్చింది. దానిని టెలివిజన్‌కు మలచాలని సి.బి.ఎస్. సంకల్పించినప్పుడు, భర్త పాత్రను తన నిజజీవిత భర్త, క్యూబాలో జన్మించిన డెసి ఆర్నాజ్‌కే ఇవ్వాలని ఆమె పట్టుబట్టారు. సంస్థ సందేహించగా, దంపతులిద్దరూ 1950లో ఊరూరా రంగస్థల ప్రదర్శనలిచ్చి ప్రేక్షకామోదాన్ని నిరూపించారు. 1951 అక్టోబరు 15న 'ఐ లవ్ లూసీ' ప్రసారం ప్రారంభమైంది.

ప్రేక్షకుల సమక్షంలో మూడు ఫిల్మ్ కెమెరాలతో ఏకకాలంలో చిత్రీకరించిన పద్ధతిని సాధారణంగా సాంకేతిక విజయంగానే పేర్కొంటారు. ఆంగికాభినయ దృష్టితో చూస్తే దాని ప్రయోజనం మరింత విస్తృతం. ప్రతి షాట్‌కూ ఆగనవసరం లేకపోవడంతో నటి శరీరం ఒక చేష్టను ఆరంభం నుండి పరాకాష్ఠ వరకు అవిచ్ఛిన్నంగా కొనసాగించగలిగింది.

1952 సెప్టెంబరులో ప్రసారమైన 'జాబ్ స్విచింగ్' భాగం ఇందుకు నిదర్శనం. లూసీ, ఆమె స్నేహితురాలు ఎథెల్ (వివియన్ వాన్స్) చాక్లెట్ కర్మాగారంలో కదిలే పట్టీపై వచ్చే చాక్లెట్లకు కాగితం చుట్టాలి. ఒక్కటి తప్పినా ఉద్యోగం పోతుంది. వేగం పెరిగేకొద్దీ చాక్లెట్లు నోట్లోకి, టోపీలోకి, రవికెలోకి చేరతాయి. ఖాళీ పట్టీని చూసి మెచ్చుకున్న పర్యవేక్షకురాలు వేగాన్ని ఇంకా పెంచమంటుంది! ఈ ఘట్టంలో లూసీ ఒక్కసారీ నవ్వదు; ఆమె ముఖంలో ఉన్నది భయమూ శ్రద్ధా మాత్రమే. తాను నవ్వకుండా పరులను నవ్వించడమే భరతుడు చెప్పిన పరస్థహాస్యం. పాత్ర చేతులు తడబడుతున్నట్లు చూపడానికి నటి చేతులు ఏమాత్రం తడబడకూడదు.

అయితే, ఈ ఓటమి స్త్రీని తిరిగి వంటింటికే పంపడం లేదా? పంపుతుంది. భార్యలు ఉద్యోగంలో విఫలమవుతారు, భర్తలు అన్నం పొంగించి వంటింటిని పాడుచేస్తారు, చివరికి ఎవరి స్థానానికి వారు చేరతారు. కానీ భర్తల వైఫల్యం వంట రాకపోవడం వల్ల కలిగినది. స్త్రీల వైఫల్యానికి యంత్రవేగమే కారణం. ఇతివృత్తం రెండింటినీ సమానం చేసినా, అభినయం చేయలేదు. ఇతివృత్తాన్ని మాత్రమే ప్రమాణంగా గ్రహించే విమర్శకు ఈ భేదం అందదు.

తెర వెలుపలి చరిత్ర వేరు. 1962లో ఆర్నాజ్ వాటాను కొని ఆమె డెసిలూ స్టూడియో అధ్యక్షురాలయ్యారు. 'స్టార్ ట్రెక్', 'మిషన్ ఇంపాజిబుల్' ఆ సంస్థలోనే రూపొందాయి. అదే కాలంలో ఆమె నటించిన 'ది లూసీ షో'లో మాత్రం, ఆమె పాత్ర బ్యాంకులో కార్యదర్శిగా పనిచేస్తూ, పై అధికారి మూనీ చేత చీవాట్లు తింటూనే ఉంది.