బంతి ముందు, టమాటా తర్వాత

సంక్రాంతి గొబ్బెమ్మలకు బంతిపూలు కొనకుండా పెరట్లోంచే కోసుకునే ఇళ్లు గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ బంతి టమాటా మడి గట్టున ఉంటే పండగతో పాటు కూరకూ అక్కరకొస్తుంది. కాయ తొలిచే శనగపచ్చ పురుగు తల్లి, టమాటా కన్నా పూసిన బంతి మీదే గుడ్లు పెట్టడానికి మొగ్గుతుంది. కిటుకంతా వయసులో ఉంది. రెండు నార్లూ ఒకేసారి పోస్తే టమాటా పూత నాటికి బంతి ఇంకా మొగ్గ తొడగదు. అందుకే బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ 40 రోజుల బంతి నారును 25 రోజుల టమాటా నారుతో కలిపి నాటమంటుంది. 16 వరసల టమాటాకు ఒక వరస బంతి. పెరటి మడికి చుట్టూ నాలుగు మొక్కలు చాలు. పూలు మాత్రం ఎప్పటికప్పుడు కోసేయాలి, లేకపోతే ఎర మొక్కే పురుగులకు పుట్టిల్లవుతుంది.

ఆముదం పని వేరు. లద్దెపురుగు బెడదకు పొగాకు నారుమళ్ల చుట్టూ ఆముదం వేయడం రాజమండ్రిలో 1947లో వెలసిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ చెప్పిన పద్ధతి. తల్లిపురుగు ఆముదపు ఆకు అడుగున వందల గుడ్లు ఒకే గుంపుగా పెడుతుంది. పిల్లపురుగులు మొదట్లో విడిపోకుండా అక్కడే గీకి తిని ఆకును జల్లెడ చేస్తాయి. ఆ దశలో ఆకు తుంచి సబ్బు నీళ్లలో వేస్తే పని అయిపోతుంది. నాలుగు రోజులు ఆలస్యమైతే పురుగులు చెదిరి అన్ని మొక్కలూ ఎక్కేస్తాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం చిక్కుడు పాదు దగ్గర దొరుకుతుంది. రథసప్తమికి రథం కట్టే చిక్కుడుకాయలు చలికాలపు కాపే, పేనుబంకకూ అదే అదను. పొయ్యి బూడిదను పొద్దున్నే మంచు తడి మీద చల్లడం మన ఇళ్లలో పాత అలవాటు. అయితే పాదంతా చల్లొద్దు, పేను గట్టిగా పట్టిన చిగుళ్ల మీదే చల్లాలి. మిగతా పేను అక్షింతల పురుగులకు తిండి. ఆ తిండి లేకపోతే అవి మన పెరట్లో ఆగవు. వాటి పిల్లలు పెద్దవాటిలా గుండ్రంగా ఉండవు. నల్లగా, పొడుగ్గా, వీపు మీద నారింజ మచ్చలతో పాకుతుంటే చీడపురుగులనుకుని నలిపేస్తున్నాం. పేనును ఎక్కువగా తినేవి అవే! పక్కన నాలుగు కొత్తిమీర మొక్కలను కోయకుండా పూతకు వదిలితే, పురుగుల గుడ్లలో తమ గుడ్లు పెట్టే సన్నని కందిరీగలకు తేనె దొరుకుతుంది.

ఇంత చిన్న ప్రాణుల మీద నమ్మకం ఉంచవచ్చా అనేవారు కొబ్బరిని చూడాలి. 2016లో దేశంలో బయటపడ్డ సర్పిలాకార తెల్లదోమ గోదావరి తోటల్లోకీ వచ్చింది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం దాని మీదికి ఇసారియా అనే శిలీంధ్రాన్ని పెంచి ఇచ్చింది. దోమను చంపే ఎన్‌కార్సియా కందిరీగలు బతకాలంటే రసాయన మందులు మానాల్సిందే. కొబ్బరి నీడన కంద, పసుపు, పందిరి మీద ఆనప ఉన్న పెరడు మొత్తానికీ ఇదే లెక్క.

కలిపి నాటితే తీరని బాధలూ ఉన్నాయి. వంగలో వాలిన చిగురు కనిపిస్తే, లోపల పురుగు ఉన్న చోటికి కాస్త కింద తుంచి కాల్చేయాలి. పుచ్చి రాలిన బీరకాయలను లోతుగా పాతిపెట్టకపోతే పండు ఈగ మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. వంగ, టమాటా, మిరప ఒకే కుటుంబం; ఒకదాని వెనక ఒకటి అదే మడిలో వేయకూడదు.

ఇవన్నీ చేశాక కూడా పురుగు మిగిలితే వేపగింజల కషాయం ఉంది. లీటరు నీటికి 50 గ్రాముల గింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త కుంకుడు రసం కలిపి సాయంత్రం కొట్టాలి. ఎండకు దాని సత్తువ పోతుంది. ఎండాకాలం చివర చెట్టు కింద రాలిన పళ్లను ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి గుడ్డసంచిలో పెట్టుకుంటే ఆ ఏడాదికి సరిపోతాయి.